తమ్ముడి పెళ్లిలోపు బరువు తగ్గడానికి ఇంజెక్షన్ వేయించుకోవచ్చా?

మీరు అడిగింది నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానో లేదో ముందు చూసుకోండి. మీకు 36 ఏళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. ఇద్దరు పిల్లలు. థైరాయిడ్ మాత్ర వాడుతున్నారు, పీసీఓడీ పాతదే, మొన్న చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. నాలుగు నెలల్లో తమ్ముడి పెళ్లి. డల్లాస్‌లో ఉంటున్న మీ పిన్ని కూతురు ఇంజెక్షన్లతో 18 కిలోలు తగ్గింది, మీకూ ఆ మందు నింపిన ఇంజెక్షన్ పెన్నులు పంపిస్తానంటోంది. ఇక్కడ మీ జిమ్‌లో ఒకతను అంతకంటే చవకగా సీసా ఇప్పిస్తానన్నాడు. వేసుకోవచ్చా, ఎన్నాళ్లు వేసుకోవాలి, ఆపితే బరువు మళ్లీ వస్తుందా అని అడిగారు.

నేను గుంటూరులో 19 ఏళ్లుగా జనరల్ ఫిజీషియన్‌ని. నా ఓపీలో సగానికి సగం షుగర్ వాళ్లే. మీరు అడుగుతున్న ఈ బరువు తగ్గించే ఇంజెక్షన్లలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశానికి వచ్చాయి. ఇదే కుటుంబానికి చెందిన పాత ఇంజెక్షన్లు అంతకుముందు నుంచే రాస్తున్నాను. కాబట్టి చదివింది కొంత, కళ్లతో చూసింది కొంత కలిపి చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, ఈ మందు మీకు పనికొస్తుంది. కానీ పెళ్లి కోసమైతే మొదలుపెట్టకండి. షుగర్ అంచున ఉన్న మీ ఒంటి కోసమైతే, ఏళ్ల తరబడి వాడే మందు అని తెలిసి, డాక్టర్ చేతి మీదుగా మొదలుపెట్టండి. జిమ్ సీసా అసలు వద్దు. డల్లాస్ పెన్నులు కూడా వద్దు. ఆపితే బరువు వస్తుందా అంటే, చాలామందికి వస్తుంది. అందుకే మొదటి సూది పడకముందే ఆపే సంగతి మాట్లాడుకోవాలి.

మీకు పనికొస్తుందని ఎందుకన్నానంటే, మీ బీఎంఐ, అంటే ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క, దాదాపు 33.6. ఈ మందులు బీఎంఐ 30 దాటినవాళ్లకు, లేదా 27 దాటి బీపీ, షుగర్ లాంటి సమస్య ఉన్నవాళ్లకు రాస్తాం. మన వాళ్లకు కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ పేరుకుంటుంది. అందుకే మన దేశంలో బీఎంఐ 25 నుంచే ఊబకాయంగా లెక్కేస్తాం. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే జాగ్రత్త పడమంటాం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దాకా వచ్చినట్టే. మీరు ఆ గుమ్మంలో ఉన్నారు. మీ ఇంట్లో ఎవరైనా "తిండి తగ్గించుకోలేక సూదులు కావాలంటోంది" అని అంటే పట్టించుకోకండి. ఊబకాయం బద్ధకం వల్ల వచ్చేది కాదు, అది జబ్బు. బీపీకి మాత్ర వేసుకుంటే తప్పు లేనప్పుడు దీనికి మందు వేసుకుంటే తప్పెందుకవుతుంది?

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే తర్వాత నేను చెప్పేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. అన్నం తిన్నాక మన పేగుల్లోంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ వస్తుంది. "చాలు, కడుపు నిండింది" అని మెదడుకు కబురు చేసేవాటిలో అదొకటి. కానీ అది ఒంట్లో రెండు నిమిషాలకే సగం ఖర్చైపోతుంది. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో దీన్ని పోలిన, ఎక్కువసేపు నిలిచే పదార్థం దొరికింది. దాని ఆధారంగా చేసిన మొదటి మందు 2005లో షుగర్ కోసం వచ్చింది. అక్కడి నుంచి మెరుగుపరుస్తూ వారానికి ఒక్క సూది సరిపోయే దాకా వచ్చారు. వెగోవీ, ఓజెంపిక్‌లలో ఉండేది సెమాగ్లూటైడ్. మౌంజారోలో ఉండేది టిర్జెపటైడ్, ఇది జీఎల్‌పీ-1తో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పని కూడా చేస్తుంది. రెండూ కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, మెదడులో ఆకలిని తగ్గిస్తాయి. నా దగ్గరికి వచ్చే ఒక ఇల్లాలు మూడో వారం వచ్చి, "వంటింట్లోంచి పిలిచినట్టుండేది డాక్టర్ గారూ, ఆ పిలుపు ఆగిపోయింది. పులిహోర గిన్నె ఎదురుగా ఉన్నా చెయ్యి పోవట్లేదు" అంది. ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఎంత తగ్గుతారు? 2021లో వచ్చిన పెద్ద అధ్యయనంలో దాదాపు 2 వేల మందికి 68 వారాల పాటు సెమాగ్లూటైడ్ గానీ ఉత్తుత్తి సూది గానీ ఇచ్చారు. అసలు మందు పడినవాళ్లు సగటున 15 శాతం తగ్గారు. ఇంకో అధ్యయనంలో టిర్జెపటైడ్ పెద్ద డోసుతో 72 వారాలకు దాదాపు 21 శాతం తగ్గారు. మీ 84 కిలోల మీద లెక్కేస్తే మొదటిదానితో 12, 13 కిలోలు, రెండోదానితో 17 కిలోల దాకా. అది సగటు మాత్రమే. కొందరు అంతకంటే ఎక్కువ తగ్గుతారు, కొందరికి ఐదు శాతం కూడా తగ్గదు. మీ చెల్లెలికి 18 కిలోలు పోయాయంటే మీకూ అంతే పోతాయని లేదు.

68 వారాలు, 72 వారాలు అన్నాను చూడండి, మీ నాలుగు నెలల లెక్క తప్పేది అక్కడే. సెమాగ్లూటైడ్ 0.25 మిల్లీగ్రాములతో మొదలవుతుంది. నాలుగు వారాలకోసారి 0.5, 1, 1.7 అని పెంచుకుంటూ పోతే 2.4 అనే పూర్తి డోసుకు చేరేది 17వ వారంలో. అంటే తమ్ముడి పెళ్లినాటికి మీరు పూర్తి డోసు గుమ్మంలో ఉంటారు. అసలు తగ్గాల్సింది ఆ తర్వాతే. తొందరపడి డోసు దూకిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చెప్తాను.

పోయిన ఏడాది 24 ఏళ్ల అమ్మాయి వచ్చింది. బరువు 66 కిలోలు, బీఎంఐ 25.8, షుగర్, బీపీ ఏమీ లేవు. ఆరు వారాల్లో పెళ్లి, పది కిలోలు తగ్గాలి అంది. నేను రాయనన్నాను. ఇంకోచోట ఎక్కడో వేయించుకుంది, రెండో వారానికే డోసు పెంచారు. ఐదో వారంలో వాళ్ల నాన్నగారు చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. నాలుక ఎండిపోయి ఉంది, రెండు చెంచాల మజ్జిగ కూడా కడుపులో నిలవట్లేదు, రెండు రోజుల్లో మూత్రం మూడుసార్లే వచ్చిందట. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక కోలుకుంది. ఈ మందు ఒకసారి లోపలికి వెళ్లాక వెనక్కి తీసుకోలేం. సగం మందు ఒంట్లోంచి పోవడానికే సెమాగ్లూటైడ్‌కి వారం, టిర్జెపటైడ్‌కి ఐదు రోజులు పడుతుంది. ఆ అమ్మాయి పెళ్లి పీటల మీద చాలా నీరసంగా కూర్చుందని వాళ్లమ్మ చెప్పి కళ్లు తుడుచుకుంది.

పెళ్లిలోపు తగ్గాలంటే మీ ముందు వేరే దారి ఉంది. 84 కిలోల్లో ఐదు శాతం అంటే నాలుగు కిలోల పైచిలుకు. నాలుగు నెలల్లో అన్నం కొలిచి తిని, రోజూ అరగంటకు పైగా నడిస్తే అది అందే లక్ష్యమే. పీసీఓడీలో నెలసరి గాడిలో పడడానికి చాలామందికి అంతే సరిపోతుంది. షుగర్ అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసి 2002లో బయటపెట్టిన అధ్యయనంలో ఏడు శాతం బరువు తగ్గి, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. సూది లేకుండానే.

ఇక ఆపితే ఏమవుతుంది? సెమాగ్లూటైడ్ అధ్యయనంలోనే మందు ఆపినవాళ్లను మరో ఏడాది గమనించారు. తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. నా దగ్గర ఒక ఎలక్ట్రికల్ షాపు యజమాని ఆరు నెలలు వాడి 11 కిలోలు తగ్గారు. ఖర్చు భరించలేక నాతో చెప్పకుండా ఆపేశారు. ఎనిమిది నెలలకు వచ్చేసరికి 7 కిలోలు వెనక్కొచ్చాయి. తల దించుకుని కూర్చుని, "నా చేతకానితనం సార్" అన్నారు. అందులో ఆయన తప్పేం లేదు. మందు పోగానే ఆకలి పాత స్థాయికి వస్తుంది. తగ్గిన ఒళ్లు పాత బరువు కోసం పోరాడుతుంది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ.

కాబట్టి డబ్బు లెక్క ముందే వేసుకోండి. మౌంజారో మన దగ్గర వచ్చిన కొత్తలో 2.5 మిల్లీగ్రాముల సీసా 3,500 రూపాయలు, 5 మిల్లీగ్రాములది 4,375. నెలకు నాలుగు. అంటే నెలకు 14 వేల నుంచి 17,500, పై డోసులకు ఇంకా ఎక్కువ. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు మన దేశంలో తీరిపోయింది కాబట్టి దేశీయ కంపెనీలకు దారి తెరుచుకుంది. మీ ఊళ్లో ఇప్పుడు ఏది ఎంతకు దొరుకుతుందో మందుల షాపులో కనుక్కోండి. నేను పేషెంట్లను ఒకటే అడుగుతాను: "ఈ ఖర్చు కనీసం రెండేళ్లు ఇంట్లో ఇబ్బంది లేకుండా పెట్టగలరా?" లేదంటే మొదలుపెట్టకపోవడమే మంచిదని చెప్తాను. పిల్లల ఫీజు ఆపి సూదులు కొనడం నాకిష్టం లేదు.

ఇప్పుడు అసలు ఎవరూ చెప్పని విషయం. తగ్గే బరువంతా కొవ్వు కాదు. అందులో పావు వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, కండ పోతుంది. 47 ఏళ్ల టీచరమ్మ ఒకావిడ 96 కిలోల నుంచి 81కి వచ్చారు. షుగర్ మాత్రలు సగమయ్యాయి. నేను సంతోషంగా ఉన్నాను, ఆవిడ లేరు. ఎందుకంటే, "వాకిట్లో ముగ్గు వేసి లేవలేకపోతున్నానండీ, గోడ పట్టుకుంటున్నాను" అన్నారు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమన్నాను. మూడోసారికే చేతులు విప్పి కుర్చీ పట్టుకున్నారు. ఏం తింటున్నారని అడిగితే, ఆకలి లేదని పొద్దున ఒక ఇడ్లీ, మధ్యాహ్నం గుప్పెడు పెరుగన్నం, రాత్రి పాలు. బరువు తగ్గుతోందని మురిసిపోయి ఆ మాట ముందే అడగకపోవడం నా పొరపాటు. అప్పటి నుంచి ప్రతి ఒక్కరినీ బరువు చూడకముందే కుర్చీలోంచి లేవమంటున్నాను.

మీరు సూది మొదలుపెడితే రోజుకు 70 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ తినాలి. ఆకలి లేనప్పుడు ఇది నిజంగా కష్టం. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో 6, కప్పు పప్పులో 6 లేదా 7, వండిన చికెన్ వంద గ్రాముల్లో 25 దాకా ఉంటుంది. శాకాహారులకు మీల్ మేకర్ పెద్ద దిక్కు, పొడిది 50 గ్రాములు తీసుకుంటే 25 గ్రాముల పైనే. పళ్లెంలో ముందు గుడ్డు, పప్పు, చికెన్ తినండి, తర్వాత కూర, చివర అన్నం. మన అలవాటు దీనికి తలకిందులు, అన్నంతోనే కడుపు నిండిపోతుంది. నడక ఒక్కటే కండను కాపాడదు. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి పుషప్స్, నీళ్ల సీసాలు ఎత్తడం లాంటివి చేయాలి. ఆ టీచరమ్మ నాలుగు నెలల తర్వాత ఏమీ పట్టుకోకుండా పన్నెండుసార్లు లేచి చూపించారు.

ఇబ్బందుల్లో వికారం, వాంతులు, మలబద్ధకం, విరేచనాలు ఎక్కువగా కనిపిస్తాయి. డోసు పెంచిన వారంలో బాధ ఎక్కువ. నూనె వంటలు, కడుపు పగిలేలా తినడం మానితే సగం తగ్గుతుంది. గారెలు, బూరెలు ఉన్న పండగ రోజుకు ముందు రోజే సూది వేసుకోకండి. రెండు మూడు నెలలకు జుట్టు ఊడడం కూడా చూస్తున్నాను, అది వేగంగా బరువు తగ్గడం వల్ల, చాలావరకు మళ్లీ వస్తుంది. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. పై పొట్టలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, దాంతో వాంతులు వస్తే తెల్లవారే దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. అది పాంక్రియాస్ వాపు కావచ్చు. ఉన్నట్టుండి ఒక కంటి చూపు తగ్గినా అంతే. అది చాలా అరుదు, కానీ ఆలస్యం చేయకూడదు.

థైరాయిడ్ గురించి మీరు భయపడుతున్నారు. మీకున్నట్టు థైరాయిడ్ తక్కువగా ఉండడం ఈ మందుకు అడ్డు కాదు. అడ్డు ఏదంటే మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ అనే ఒక అరుదైన రకం, లేదా మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు, మీకు గానీ మీ రక్తసంబంధీకులకు గానీ ఉండడం. పాంక్రియాటైటిస్, అంటే ఇందాక చెప్పిన పాంక్రియాస్ వాపు, వచ్చి తగ్గినవాళ్లకు కూడా నేను రాయను. బరువు తగ్గేకొద్దీ మీ థైరాయిడ్ మాత్ర డోసు మార్చాల్సి రావచ్చు, మూడు నెలలకోసారి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి.

షుగర్ మందులు వాడేవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట. గ్లిమిపిరైడ్ గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ ఈ సూది మొదలుపెడితే వాటి డోసు డాక్టర్‌తో తగ్గించుకోవాలి. లేకపోతే షుగర్ పడిపోతుంది. ఒక కండక్టర్ గారు పాత మాత్రలన్నీ అలాగే మింగుతూ బస్సులోనే చెమటలు పట్టి కూలబడ్డారు. ఆయన షుగర్ 52 ఉంది.

ఆపరేషన్, ఎండోస్కోపీ లాంటివాటికి మత్తు ఇవ్వబోతుంటే ఈ సూది వాడుతున్నామని తప్పక చెప్పాలి. పొద్దుటి నుంచి ఏమీ తినకపోయినా కడుపులో నిన్నటి అన్నం ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం.

ఇక జిమ్ సీసా. మీరు ఫొటోలో చూపించింది తెల్లటి పొడి ఉన్న చిన్న సీసా. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు నేను రాసేవన్నీ నీళ్లలా తేటగా, రంగు లేకుండా లేదా లేత పసుపు ఛాయతో ఉంటాయి. పొడికి నీళ్లు కలిపి వేసుకోమంటే అందులో ఏముందో ఇచ్చినవాడికీ తెలియదు. నకిలీ సెమాగ్లూటైడ్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లోనే హెచ్చరిక జారీ చేసింది. పైగా మన షాపుల్లో ఇన్సులిన్ సిరంజీలు రెండు రకాలు దొరుకుతాయి. ఎర్ర మూతది 40 యూనిట్ల ఇన్సులిన్‌కి, నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. అర మిల్లీలీటరు అంటే ఎర్ర మూత దాంట్లో 20 గీత, నారింజ మూత దాంట్లో 50 గీత. "20 దాకా లాగు" అని ఒకరు ఒక సిరంజీ చూసి చెప్తే, ఇంకొకరు వేరే సిరంజీతో వేసుకుంటారు. సొంతంగా సీసాలోంచి లాగి పంచుకునేవాళ్లు డోసు తప్పేది ఇలాగే.

డల్లాస్ పెన్నుల విషయంలో మీ చెల్లెలి ప్రేమను తప్పుపట్టను. కానీ ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. సూట్‌కేసులో, విమానం కింద చలికి గడ్డకట్టిందో, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చే దారిలో ఎండకు కాగిందో మీకు తెలియదు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగాక మామూలుగానే కనిపిస్తుంది, కానీ పారేయాల్సిందే. ఇంట్లో కూడా ఫ్రీజర్‌కి ఆనుకుని పెట్టకండి, మధ్య అరలో పెట్టండి. ఎండాకాలంలో గంటల తరబడి కరెంటు పోతే డాక్టర్‌ని గానీ షాపువాళ్లను గానీ అడిగాకే వాడండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ పెన్ను వేసుకున్నాక రాత్రి పదకొండింటికి కడుపునొప్పి వస్తే మీరు ఫోన్ చేయడానికి ఇక్కడ మీ కేసు తెలిసిన డాక్టర్ ఉండాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, కాలేయ పరీక్ష, టీఎస్‌హెచ్ రిపోర్టులు, వీలైతే పొట్ట స్కానింగ్ పట్టుకెళ్లండి. వాడే మందులన్నీ కవర్లతో సహా. మీరు గర్భనిరోధక మాత్ర వాడుతున్నారో లేదో రాయలేదు. టిర్జెపటైడ్ ఆ మాత్ర పనితనాన్ని తగ్గిస్తుంది. మొదలుపెట్టాక నాలుగు వారాలు, డోసు పెంచిన ప్రతిసారీ మరో నాలుగు వారాలు కండోమ్ లాంటిది కూడా వాడాలి. పీసీఓడీ ఉన్నవాళ్లకు బరువు తగ్గగానే అనుకోకుండా గర్భం రావడం నా ఓపీలో రెండుసార్లు చూశాను. మూడో బిడ్డ ఆలోచన ఉంటే అది ముందే చెప్పండి, సెమాగ్లూటైడ్ అయితే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. మీ అమ్మగారి వైపు గానీ నాన్నగారి వైపు గానీ ఎవరికైనా థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ జరిగి ఉంటే, అది ఏ రకమని డాక్టర్లు చెప్పారో ఇంట్లో ఇవాళే అడిగి ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.